గుంటూరులోనూ కేంద్రకం అలాగే తిరుగుతుంది

మా మేడం పోయారని ఫోను వచ్చేసరికి నేను బస్సులో ఉన్నాను. చేసింది చీరాలలో ఉండే ఆవిడ చెల్లెలు. "అక్క పొద్దున్నే వెళ్ళిపోయిందమ్మా. అందరికన్నా ముందు నీకు చెప్పమంది" అన్నారు. చెప్పమని ఎప్పుడన్నారని నేను అడగలేదు. ఇలాంటివన్నీ ముందే పురమాయించి పెట్టే మనిషే ఆవిడ. బస్సు మిర్చి యార్డు దగ్గర ఆగి ఉంది. ఘాటుకి బస్సంతా తుమ్ముతూ కళ్ళు తుడుచుకుంటోంది కాబట్టి నా ఏడుపు సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

మధ్యాహ్నానికి పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపు నిండిపోయింది. అందులో ఒకాయన రాశాడు: "ఎక్కడో ఉండాల్సిన మనిషి. గుంటూరులో ఉండిపోయి వృథా అయిపోయారు." దాని కింద వరసగా దండం పెట్టే బొమ్మలు. నాకు ఏడుపు ఆగిపోయి కోపం వచ్చింది. ఈ నాలుగు ముక్కలూ ఆ కోపంలోనే రాస్తున్నాను. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు శాంతంగా రాయాలంటారు. శాంతం మా మేడం దగ్గర ఎవరూ నేర్చుకోలేదు.

చదివేవాళ్ళలో ఆవిడ తెలియనివాళ్ళే ఎక్కువమంది ఉంటారు కనుక ముందు ఆ సంగతి చెప్పాలి. మా యూనివర్సిటీ ఫిజిక్స్ విభాగంలో ఆవిడ ప్రొఫెసర్. జీవితమంతా పనిచేసింది ఒక్క విషయం మీద. పరమాణువు కాదు, పరమాణువు నడిమధ్యన ఉండే కేంద్రకం. అది గిర్రున తిరుగుతూ, ఆ తిరుగుడు తగ్గించుకుంటూ వదిలే గామా కిరణాలను పట్టి చూడడం. మా విభాగం వరండా చివర గదిలో ఆ కిరణాలను కొలిచే జెర్మేనియం డిటెక్టర్ ఒకటి ఉంది. దాన్ని నిత్యం ద్రవ నైట్రోజన్ చలిలో ఉంచాలి. వారానికి రెండుసార్లు పోయాలి. నైట్రోజన్ అయిపోయి వెచ్చబడితే కొత్త డిటెక్టర్లు మళ్ళీ కోలుకుంటాయి గానీ, మా దానిది ముసలి ప్రాణం. ఒకసారి వెచ్చబడితే మళ్ళీ పాత చూపు రాకపోవచ్చు.

మేడం ఆసుపత్రిలో ఉండగానే ఆ గది ఖాళీ చేయించి డిజిటల్ క్లాస్‌రూం చేద్దామన్న మాట మొదలైంది. ఆవిడ పోయాక ఆ మాటకి ఒక తోక వచ్చింది. ఆ క్లాస్‌రూంకి ఆవిడ పేరే పెడతారట. అదే విభాగంలో నేను కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతున్నాను. నా మాటకి అక్కడ ఎంత విలువుంటుందో మీరే ఊహించుకోవచ్చు. అయినా ఆ గది పోకూడదని నేను గట్టిగా అనుకున్నాను. ఎందుకో చెప్పాలంటే ఆవిడ గురించే చెప్పాలి.

మొదటి క్లాసుకి ఆవిడ చేతిలో చాక్‌పీసు లేదు, కూరగాయల సంచి ఉంది. బజారు నుంచి సరాసరి వచ్చారు. సంచిలోంచి గుండ్రటి దోసకాయ ఒకటి, దొండకాయ ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. దోసకాయని బొంగరంలా తిప్పి, "తిరుగుతోందా?" అన్నారు. తిరుగుతోందన్నాం. "మచ్చలు చూసి చెబుతున్నారు. మచ్చే లేని గుండ్రటి కాయ అయితే? తిరిగినా ఒకటే, ఆగినా ఒకటే. కేంద్రకానికి మచ్చలుండవు. అచ్చంగా గుండ్రంగా ఉంటే అది తిరిగినట్టే లెక్క కాదు." తర్వాత దొండకాయని తిప్పారు. "ఇదిగో, కోలగా ఉంది కాబట్టి తెలిసింది. మనుషులూ అంతేనమ్మా. ఎటు దొర్లించినా దొర్లే గుండ్రటివాళ్ళ తిరుగుడు ఎవరికీ తెలియదు. కాస్త కోలగా ఉండండి."

ఆ దోసకాయ ఆ రోజే పప్పులోకి వెళ్ళిపోయి ఉంటుంది. మాట మాత్రం మాలో చాలామందికి గుర్తుండిపోయింది.

ఆ తర్వాత అసలు పాఠం. ఒక కేంద్రకాన్ని యాక్సిలరేటర్ అనే పెద్ద యంత్రంలో వేగంగా పంపి ఇంకోదాన్ని ఢీకొట్టిస్తే, రెండూ కలిసిపోయి విపరీతంగా తిరుగుతూ కొత్త కేంద్రకం పుడుతుంది. ఆ తిరుగుడు ఒక్కసారిగా ఆగదు, మెట్లు దిగినట్టు దిగుతుంది. మెట్టు దిగినప్పుడల్లా ఒక గామా కిరణాన్ని వదులుతుంది. ఆ కిరణాల శక్తిని కొలిచి గ్రాఫు గీస్తే, దాదాపు సమానమైన ఎడంతో గీతలు వరసగా నిలబడతాయి. సమాన దూరంలో గీతలు పడేలా అచ్చు తోలి గింజలు పెట్టిన పత్తి చేలో మొక్కలు అలాగే నిలబడతాయి. ఆ వరస దొరికిందంటే, కంటికే కాదు ఏ మైక్రోస్కోపుకీ కనపడని ఒక వస్తువు కోలగా ఉందని, ఎంత కోలగా ఉందో కూడా, మనకి తెలిసినట్టే. నేను మిరపతోట పిల్లని. నాకు ఆ గ్రాఫు చూడగానే ఇదేదో మా ఊరి పనేననిపించింది.

ఆవిడ చీరాల నేతపనివాళ్ళ ఇంటిలో పుట్టారు. గుంట మగ్గం పక్కన కూర్చుని ఎక్కాలు చదువుకున్న మనిషి. కట్టేది ఎప్పుడూ నేత చీరలే, అదీ చెంగు బిగించి దోపుకుని. మేము లెక్కలో తప్పు చేసి, తర్వాత చూసుకుందాంలే అని ముందుకెళితే మాత్రం ఊరుకునేవారు కాదు. "తెగిన పోగు దగ్గర ఆగు. అతుకు. అప్పుడు నెయ్యి" అనేవారు. కంప్యూటర్ తెర మీద గ్రాఫు చూడడం ఆవిడకి నచ్చేది కాదు. కాగితాల మీద అచ్చు వేయించి, ఒకదానికొకటి అంటించి, వరండా పొడుగునా పరిపించేవారు. చెప్పులు విడిచి దాని పక్కనే నడుస్తూ, ఒక్కో గీత దగ్గర వంగి, "నువ్వెవరివే?" అని అడిగేవారు. అటుగా వెళ్ళే కెమిస్ట్రీ వాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఆవిడ తలెత్తి, "తొక్కకండి, దాటి వెళ్ళండి" అనేవారు. ఆ మాట చిన్నగా అనేదేం కాదు, అరుపే.

కోపం కూడా అన్యాయంగానే ఉండేది. నా తప్పు లేనప్పుడు కూడా నన్ను చాలాసార్లు తిట్టారు. తర్వాత క్షమాపణ చెప్పేవారు కాదు, తన క్యారేజీలోంచి గోంగూర పచ్చడి నా గిన్నెలో వేసేవారు. మా భాషలో అదే క్షమాపణ. ఆ గోంగూర యాక్సిలరేటర్ కేంద్రాలకి కూడా వచ్చేది. ఉత్తరాదిన మాకు నాలుగు రోజులు ప్రయోగానికి వంతు దొరికితే, రైల్లో ఒక చేతిలో పచ్చడి జాడీ, ఇంకో చేతిలో హార్డ్ డిస్కుల పెట్టె. వచ్చేటప్పుడు జాడీ ఖాళీ, డిస్కులు నిండు. ఆ డిస్కుల్లోని సమాచారాన్ని విడదీసి గీతల వరస వెతికే అసలు పని అంతా ఇక్కడే, గుంటూరులోనే జరిగేది.

ఒక ఏడాది మా విభాగానికి నైట్రోజన్ సరఫరా ఆగిపోయింది. కాంట్రాక్టు పొడిగించలేదన్నారు. ఇంకొకరైతే పై అధికారులకి అర్జీలు పెట్టుకుంటూ కూర్చునేవారు. మేడం పశువుల ఆసుపత్రికి వెళ్ళారు. ఒంగోలు గిత్తల వీర్యాన్ని గడ్డకట్టించి దాచే డిపోలో ద్రవ నైట్రోజన్ ఎప్పుడూ ఉంటుందని ఆవిడకి ఎలా తెలుసో నాకు తెలియదు. అక్కడి డాక్టరుగారితో మాట్లాడి, అనుమతి కాగితం సంపాదించి, ఆ పై మంగళవారానికల్లా ట్రాలీ ఆటోలో క్యాన్లు మా వరండా ముందు దింపించారు. తెచ్చినతను భయం భయంగా అడిగాడు.

"ఇక్కడ ఎద్దులేమన్నా ఉన్నాయా మేడం?"

"ఒకటుందయ్యా. ముసలిది. మేత ముట్టదు గానీ నీళ్ళు బాగా తాగుతుంది" అని డిటెక్టర్ చూపించారు.

అప్పటినుంచి స్టాఫ్‌రూములో ఆవిడకి 'ఎద్దుల మేడం' అని పేరు పెట్టారు. వెనకాల అనేవాళ్ళు, ముందు నవ్వు దాచుకునేవాళ్ళు. ఆవిడకి తెలిసింది. తర్వాతి స్టాఫ్ మీటింగులో లేచి, "ఎద్దుల మేడం మాట్లాడుతున్నాను, వినండి" అని మొదలుపెట్టారు. ఆ తర్వాత ఆ పేరుతో ఎవరూ నవ్వలేదు. పేరు మాత్రం పోలేదు, ఆవిడే పోనివ్వలేదు.

ఇక నా థీసిస్ సంగతి. మేము వెతికిన కేంద్రకంలో తిరుగుడు గీతల వరస చక్కగా దొరికింది. ఒక్క చోట చిక్కొచ్చి పడింది. వరసలో ఒక గీత సరిగ్గా పొటాషియం గీత పక్కనే పడింది. పొటాషియం అన్ని చోట్లా ఉంటుంది, గోడల్లో, మట్టిలో, మనలో. దానిలో కొంచెం భాగం సహజంగానే గామా కిరణాలు వదులుతూ ఉంటుంది. మాతో కలిసి ప్రయోగం చేసిన యాక్సిలరేటర్ కేంద్రం పెద్దాయన ఫోన్ చేశారు. అది మీ కేంద్రకానిది కాదు, మా హాలు గోడలది, ఆ గీత తీసేయండి, పేపరు రేపే పంపేద్దాం అన్నారు. నా థీసిస్ ఆ పేపరు మీదే ఆగి ఉంది.

"సాలంతా మొక్కలుండి ఈ ఒక్క మొక్కా లేదంటే ఎలాగండీ? పక్కన కలుపుందని మొక్కని పీకుతామా?" అన్నారు మేడం. అదే మాట ఆయనకి ఇంగ్లీషులో కూడా చెప్పారు గానీ, కలుపు సంగతి ఆయనకి ఎక్కినట్టు లేదు. ఫోను పెట్టేసేముందు ఆయన ఇంకో మాట అన్నారు. మీ దగ్గర సౌకర్యాలు లేవు కదా మేడం, ఇలాంటి సున్నితమైన విషయాలు మాకు వదిలేయండి అని. ఈవిడ తాపీగా, "కేంద్రకం మీ ఊళ్ళో ఒకలాగా, గుంటూరులో ఒకలాగా తిరుగుతుందా సార్?" అన్నారు.

ఆ వారమే మా నాన్న ఎరువు కొనుక్కోడానికి పట్నం వచ్చాడు. పొటాష్ బస్తాలు ఆటోలో వేసుకుని నన్ను చూసి వెళదామని యూనివర్సిటీకి వచ్చేసరికి వాన పట్టుకుంది. పొటాష్ తడిస్తే గడ్డకట్టిపోతుంది. "వాన వెలిసేదాకా ఎక్కడన్నా పొడిగా పెట్టించవే తల్లీ" అని ఫోన్ చేశాడు. నేను క్లాసులో ఉండి మా అటెండరుకి చెప్పాను. అతను విభాగంలో కల్లా పొడిగా ఉండే గది చూసి అందులో దింపించాడు. అది మా డిటెక్టర్ గది. వాన ఆ రోజు వెలవలేదు.

మర్నాడు చూస్తే గ్రాఫులో పొటాషియం గీత తాటిచెట్టంత లేచి ఉంది. మేడం కేక వరండా చివరిదాకా వినిపించింది.

"ఎవరే నా గదిలోకి పొలం తెచ్చింది?"

బస్తాల కోసం తిరిగొచ్చిన మా నాన్న గుమ్మంలో నిలబడి చేతులు కట్టుకున్నాడు. "నాదేనమ్మా తప్పు. ఎరువుకి ఇంత బలముంటుందని నాకేం తెలుసు" అన్నాడు. మేడం ఆయన్నీ బస్తాల్నీ చూశారు. చూస్తూ చూస్తూ ఉండగా ఆ ముఖంలో కోపం పోయింది. "అన్నయ్యగారూ, ఇవి సాయంత్రం దాకా ఇక్కడే ఉంచుతారా?" అన్నారు.

ఆ రోజు ఆవిడ చేసిన పని నేను చచ్చేదాకా మర్చిపోను. బస్తాలను డిటెక్టర్‌కి ఇంకా దగ్గరికి జరిపించారు. ఎదురుగా పాతకాలపు రెండో డిటెక్టర్ పెట్టించి, మధ్యలో చిన్న కోబాల్టు బిళ్ళ ఉంచారు. కోబాల్టు రెండు గామా కిరణాలను వెంటవెంటనే, జంటగా వదులుతుంది. మా నాన్నని స్టూలు వేసి కూర్చోబెట్టి పాఠం చెప్పారు. "పెళ్ళివారు బస్సులో వస్తారండీ. గుంపుగా దిగుతారు. అదే టైముకి దారిన పోయేవాడొకడు ఒంటరిగా పందిట్లోకి వచ్చి విస్తరి ముందు కూర్చుంటాడు. బంతిలో చూస్తే అందరూ ఒకటే. అందుకని బస్సు దగ్గరే నిలబడి చూడాలి. గుంపుతో కలిసి దిగినవాడే మనవాడు."

అలాగే చేశారు. కోబాల్టు కిరణాల్లో ఒకటి రెండో డిటెక్టర్లో పడిన క్షణంలోనే ఇటు ఏది వచ్చిందో అదొక్కటే లెక్కపెట్టించారు. దాని జోడీ గీత నిలబడింది. బస్తాల తాటిచెట్టు మాయమైంది. పక్కనే అంత పొటాషియం ఉండి కూడా, జంట లేక లెక్కలోకి రాలేదు.

"అయితే మా బస్తా ఓడిపోయిందా అమ్మా?" అన్నాడు నాన్న.

"మీ బస్తా వల్ల మేం గెలుస్తామండీ."

నాన్నకి ఇంకో బెంగ ఉంది. "మరి దీన్ని తోటకి వెయ్యొచ్చా? కిరణాలంటున్నారు..."

"నిక్షేపంగా వెయ్యండి. అరటిపండులోనూ ఉంటుంది, మీలోనూ నాలోనూ ఉంటుంది. మిరపకి అది కావాలి."

ఆ తర్వాత మా అసలు సమాచారం మీద పడ్డాం. వరసలోని మిగతా గీతలు ఒక్కొక్కదాన్నీ తీసుకుని, అది వచ్చిన క్షణంలోనే మా అనుమానపు గీత కూడా వచ్చిందా అని వెతికాం. వచ్చింది. దేనితో చూసినా వచ్చింది. బస్సులోంచి గుంపుతోనే దిగింది. పొటాష్ బస్తాల గ్రాఫు కూడా జతచేసి పంపారు మేడం. పరిశోధన పత్రికవాళ్ళు ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు, పేపరు నెలల తరబడి తిరిగింది, నా థీసిస్ దాంతోపాటే తిరిగింది. "ఇంకెన్నాళ్ళు మేడం?" అంటే, "నిజం కదే, అది ఎక్కడికి పోతుంది?" అనేవారు. చివరికి ఆ గీతతో సహా అచ్చయింది. పెద్దాయన కూడా సంతకం పెట్టారు. తర్వాత ఇంకో దేశం వాళ్ళు ఇంకా పెద్ద పరికరాలతో చూసి, అది ఉందన్నారు. వృథా అయిపోయారన్నవాళ్ళు ఆ గీత దగ్గర ఒక్క క్షణం ఆగి నా మాటకి జవాబు చెప్పాలి.

రిటైరయ్యాక సన్మానం చేస్తామంటే, "గుంటూరు ఎండలో శాలువా ఎవరికి?" అని తప్పించుకున్నారు. డిటెక్టర్ గదికి రావడం మాత్రం మానలేదు. ఎమ్మెస్సీ పిల్లలకి దాని మీదే గామా కిరణాలను చూడడం నేర్పేవారు. పల్నాడు నుంచి, ఒంగోలు అవతలి నుంచి వచ్చే పిల్లలు తమ చేతులతో కొలిచి మొదటి గీతను చూసేది ఆ గదిలోనే. వేరే చోట చూడాలంటే రైలెక్కాలి. నేను ఆ గది గురించి పట్టుబట్టడానికి కారణం ఇంతే. దాంట్లో గొప్ప ఏమీ లేదు.

క్యాన్సర్ వచ్చి, అది ఎముకలదాకా పాకాక ఆసుపత్రిలో స్కాన్ తీశారు. దానికి కూడా గామా కిరణాలిచ్చే మందే నరంలోకి ఎక్కిస్తారు. మేడం బల్ల మీద పడుకుని టెక్నీషియన్ని, "బాబూ, దీని కిరణం శక్తి నూట నలభై కిలో ఎలక్ట్రాన్ వోల్టులే కదా?" అని అడిగారు. అతను బిత్తరపోయి నా వైపు చూశాడు. ఇంటికి తీసుకెళ్ళేటప్పుడు కారులో ఆవిడ చెయ్యి పట్టుకుని నేను ఏడ్చాను. "ఏడుపు సరే, శుక్రవారం నైట్రోజన్ పోశావా?" అన్నారు. పోశానన్నాను. "అయితే ఇంకేం" అని కళ్ళు మూసుకున్నారు. నాతో ఆవిడ సరిగ్గా మాట్లాడిన చివరి మాట అదే.

సంతాప సభ కూడా శుక్రవారమే పెట్టారు. వరండాలోనే కుర్చీలు వేశారు, ఫోటోకి దండ వేశారు. మా విభాగాధిపతి మంచివారే, ఆవిడ దగ్గర చదువుకున్నవారే. ఆవిడ చెప్పిన పాఠాలు తలుచుకుని, చివరలో గదిని ఆధునిక క్లాస్‌రూంగా మార్చి మేడం పేరు పెడుతున్నామని ప్రకటించారు. చప్పట్లు కొట్టారు. నేను లేచాను.

"సార్, ఆవిడ పేరు వద్దు. ఆవిడ గది చాలు" అన్నాను.

"అమ్మా, ఆవిడ లేరు. ఆ ముసలి పరికరాన్ని వాడేవాళ్ళెవరు ఇప్పుడు?"

"నేను. నా ఎమ్మెస్సీ పిల్లలు."

"నీ కాంట్రాక్టే..." అని ఆయన సగంలో ఆగిపోయారు. ఆ సగం అందరికీ వినపడింది. అయినా కూర్చోలేదు. "కాంట్రాక్టు ఉన్నన్నాళ్ళూ నేను సార్. తర్వాత సంగతి తర్వాత" అన్నాను. ఆయన ఫోటో వైపు తిరిగి, అందరం లేచి రెండు నిమిషాలు మౌనం పాటిద్దామన్నారు.

అప్పుడే మెట్ల దగ్గర నైట్రోజన్ తెచ్చే ట్రాలీ ఆటో ఆగింది. గది ఖాళీ చేస్తున్నాం, ఈ వారం నుంచి రావద్దని ఆఫీసువాళ్ళు ఆ ఆటో అతనికి చెప్పారు. పొద్దున అతను నాకు ఫోన్ చేసి, "తెమ్మంటారా, మానమంటారా?" అని అడిగాడు. "తెండి" అన్నాను. మౌనంగా నిలబడ్డ మనుషుల మధ్యలోంచి నడిచి వెళ్ళి, అతనూ నేనూ క్యాను పట్టుకుని గదిలోకి మోశాం. నైట్రోజన్ పోసేటప్పుడు గాలి ఆడాలి కాబట్టి తలుపులు రెండూ బార్లా తీశాను. డిటెక్టర్ కింది పాత్రలోకి వంచుతుంటే బుస్సుమన్న చప్పుడు. అంత నిశ్శబ్దంలో అది వరండా అంతా వినిపించి ఉంటుంది. పాత్ర నిండి, అంచుల మీదుగా తెల్లటి పొగ దిగి, నేల మీద పాకుతూ గుమ్మం దాటింది.

నేను క్యాను దించకుండానే తలతిప్పి చూశాను. పొగ ముందు వరసలోవాళ్ళ చెప్పుల్ని కప్పి, చీర కుచ్చిళ్ళ కింద నుంచి వెళ్ళి, విభాగాధిపతిగారి బూట్ల దగ్గరికి చేరింది. ఆయన కిందికి చూశారు. కాలు వెనక్కి తీయలేదు. వరండా పొడుగునా మనుషులంతా తలలు వంచి, చీలమండల దాకా ఆ చలిలో అలాగే నిలబడి ఉన్నారు.